ఆకాశంలోకి పడిపోతానేమోనని

దుస్తుల కంపెనీలో చొక్కాలకు బొత్తాలు కుట్టే ఆవిడని అందరూ బొత్తాలక్క అంటారు. పాతికేళ్లుగా ఆవిడ గోడలు తడుముకుంటూ, చూర్ల కిందుగానే పనికి వస్తోంది. రోడ్డు దాటాల్సి వస్తే, ముక్కూమొహం తెలియనివాళ్లయినా సరే, పక్కవాళ్ల మోచెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. తల మాత్రం ఎత్తదు. ఏదో ఒక రోజు భూమి తనని వదిలేస్తుందనీ, ఆకాశంలోకి పడిపోతాననీ ఆవిడ భయం. "కింద పడితే నేలైనా ఉంటుంది. అటు పడితే అడుగేదమ్మా?" అంటుంది. పక్క మిషన్ల దగ్గర అమ్మాయిలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. ఆవిడా నవ్వేసి, బల్ల కాలికి తన కాలు మెలేసుకుని, మళ్లీ సూదిలోకి దారం ఎక్కిస్తుంది.

మొన్న మధ్యాహ్నం, నిప్పంటుకుంటే ఎలా తప్పించుకోవాలో నేర్పడానికి సైరన్ మోగించి అందరినీ వెనక మైదానంలోకి పంపారు. అక్కడ చెట్టు లేదు, పైన మబ్బు లేదు. నాలుగడుగులు వేసేసరికి బొత్తాలక్క అరికాళ్లు తేలికయ్యాయి. ఆవిడ బోర్లా పడుకుని గడ్డిలోకి వేళ్లు దిగేసింది. అందరూ గొల్లున నవ్వారు. నవ్వడమే ఎరగని సూపర్‌వైజరు విసుక్కుంటూ వచ్చాడు. "లే అక్కా, పరువు తియ్యకు. పైన ఏముందని? ఇదిగో, నేను చూడటంలేదూ?" అని తలెత్తాడు. ఎత్తిన తల చాలాసేపు దించలేదు. తర్వాత మెల్లిగా మోకాళ్ల మీద కూలబడి, ఆవిడ పక్కనే గడ్డిని పిడికిట పట్టుకున్నాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"అక్కా," అన్నాడు, "ఇలా ఎంతసేపు పట్టుకోవాలి?"