కుళ్లాయప్ప మామ దాటిన కారు

ముందే ఒప్పుకుంటున్నాను: నేను ఉన్నదానికి నాలుగింతలు చెప్పే మనిషిని. మా ఇంటి మేకను ఏనుగని రాసి, చూడవచ్చిన పాఠకులకు మజ్జిగ ఇచ్చి సాగనంపినవాణ్ణి. కాబట్టి హిందూపురం మోటారు మేస్త్రీ, యంత్రవైద్య శిఖామణి కుళ్లాయప్ప మామ పరమపదించారన్న దుర్వార్త విని నా గుండె రెండు గంటలపాటు ఆగిపోయిందంటే, రెండు క్షణాలని దిద్దుకుని చదవండి. ఆయన మరణాన్ని మాత్రం ఎంత దిద్దినా తగ్గించలేం. నాకు మేనమామ, గురువు, నా కోపానికి కూడా ఆయనే గురువు.

అంతిమ దర్శనానికి అమరాపురం భూస్వామి నంజుండప్పగారు కూడా దయచేశారు. గుమ్మంలో పట్టనంత దండ తెచ్చారు. అది వేసి, పదిమందికీ వినబడేలా, "పాపమప్పా, మంచి మేస్త్రీ. ఆయప్ప కారు మాత్రం ఎద్దులు కట్టితేనే కదిలేది" అన్నారు. నలుగురు నవ్వారు. మామ తల దగ్గర కూర్చున్న ఆయన భార్య, మా నాగమ్మత్త, ఏడుపు ఆపి నా వంక చూసింది. ఈ వ్యాసం ఆ చూపులో పుట్టింది.

ఎద్దుల సంగతి చెప్పాలి. పన్నెండేళ్ల కిందట మామ, అత్త ధర్మవరం పోతుండగా, ఏ దొరో వదిలిపోయిన ఆ పాత కారు పెనుకొండ మిట్ట ఎక్కలేక ఆగిపోయింది. వెనకే కొత్త కారులో వచ్చిన నంజుండప్పగారు పక్క చేనులోని ఎద్దులను తెప్పించి, మామ వద్దంటున్నా కట్టించారు. పెనుకొండ బజారులో ముందు హారను మోగిస్తూ ఆయన కారు, వెనక ఎద్దులు, వాటి వెనక మామ కారులో ముఖం మీదికి కొంగు లాక్కున్న మా అత్త. "ఏమప్పా కుళ్లాయప్పా, పెట్రోలు మానేసి గడ్డి ఏస్తాండావా?" అని ఆయన కేకేస్తే ముప్పై వేలమంది నవ్వారు. పెనుకొండలో అంత జనం లేరన్నది వేరే విషయం.

ఇంటికొచ్చి అత్త శపథం పట్టింది. "ఆ మిట్ట మీద వాని కారును దాటేదాకా నేను దీంట్లో కాలు పెట్టను." మామ పాత క్యాలెండరు తిరగేసి, దాని వెనక ఇంజను బొమ్మ గీయడం మొదలుపెట్టారు.

ఆ తపస్సు పదేళ్లు సాగింది. సిలిండర్లను బోరు చేయించి, వెడల్పు పెంచి, పెద్ద పిస్టన్లు వేశారు. వాటి మీది మూతను, అదే హెడ్డును, వెంట్రుకవాసి చొప్పున అరగదీశారు. తృప్తి లేదు. "ఇంజను కూడా మనిషేరా. కూడు ఎంత పెట్టినా ఊపిరాడకుంటే ఏం పని చేస్తాది? దీనికి గాలి కూరల్ల" అనేవారు. యుద్ధకాలంలో బొగ్గుతో నడిచిన బస్సులకు, పొయ్యి రాజేయడానికి ఒక గాలిపంకా ఉండేది. అలాంటిది కొత్తచెరువులో కోళ్లగంప మీద బరువుగా పడి ఉంటే తెచ్చి, ఇంజను తిప్పితే తాను తిరుగుతూ ఆ ఇంజనులోకే గాలి నెట్టేలా బిగించారు.

ఆ పంకాను తిప్పడానికి వేసిన తోలు బెల్టులన్నీ పటపట తెగాయి. చివరికి ధర్మవరంలో ఒక నేతగాడి చేత పట్టు పోగులతో బెల్టు నేయించారు. అతడు దానికి జరీ అంచు కూడా వేసి ఇచ్చాడు. "దీనికి అంచు ఏలప్పా?" అంటే, "అంచు లేకుండా నా మగ్గం మీంచి ఏదీ దిగదు మేస్త్రీ" అన్నాడు.

ఒకసారి నేను, "పోనీలే మామా, మరిచిపోరాదా" అన్నాను. ఆయన స్పానరు కింద పెట్టారు. "కోపాన్ని ఒక్కసారే ఊదితే ఆరిపోతాదిరా. కొలిమి మాదిరి ఊదల్ల. సన్నంగా, శానా దినాలు."

ఆ దినం రానే వచ్చింది. నంజుండప్పగారి కారు పెనుకొండ వైపు పోతోందని తెలిసి, మామ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరారు. మిట్ట మొదట్లో పంకా అందుకుంది. కోటి తుమ్మెదల ఝంకారం. దారి పక్క గొర్రెలు మోకరిల్లాయి. నా తలగుడ్డ ఎగిరి ధర్మవరంలో పడింది. మూడో మలుపులో మామ హారను కొట్టి, నంజుండప్పగారి సరసకు వచ్చి, ఆయన కళ్లలోకి చూస్తూ దాటేశారు. దాటుతూ ఒక్క మాటే అన్నారు: "గడ్డి తిన్నాది సామీ, అందుకే."

అటువంటి చేతులు మళ్లీ పుట్టవు. ఇంజను దగ్గు వీధి చివర వినపడగానే రోగం పేరు చెప్పే చెవి ఆయనతోనే కట్టెల్లో కాలిపోయింది. ఆయన పనిచేసిన షెడ్డు ముందు నుంచి పోతే ఇప్పటికీ నా కాళ్లు వాటంతటవే నిలబడిపోతున్నాయి.

ఇక నా పాపం ఒప్పుకుంటాను. పట్టు బెల్టు నిజం, జరీ అంచు నిజం. ఎద్దులూ నిజమే. దాటడం ఒక్కటే నేను కల్పించాను. ఆ మిట్ట పొడుగునా నంజుండప్పగారు నడిరోడ్డు వదల్లేదు. మామ కుడికి పోతే కుడికి, ఎడమకు పోతే ఎడమకు వచ్చారు. మా కారు ముక్కు ఆయన కారు వెనక జానెడు దూరంలోనే కొస దాకా పోయింది. "దాటినావా?" అని అత్త అడిగితే, "దారి ఇయ్యలేదు" అన్నారు మామ. ఆమె ఆ కారులో కాలు పెట్టలేదు. ఆయన మళ్లీ రమ్మనలేదు.

రాసింది అత్తకు చదివి వినిపించాను.

"దాటినాడనేది అబద్ధమే కదరా?"

"అవునత్తా."

"అచ్చేయించు."

నంజుండప్పగారూ, మీకు రెండే దారులు మిగిలాయి. కుళ్లాయప్ప మిమ్మల్ని దాటాడని ఒప్పుకోండి, లేదా దారి ఇవ్వలేదని ఒప్పుకోండి. పక్క నుంచి తప్పించుకుపోదామనుకోకండి. ఈసారి నడిరోడ్డు మీద నేనున్నాను.