ఏసీ పనే కదా అన్నారు

ఆ రోజు నిడదవోలులో ఒక కొత్తింట్లో ఏసీ పైపు కోసం గోడకి కన్నం వేస్తున్నాను. గృహప్రవేశం దగ్గరపడింది, రంగులు కూడా అయిపోయాయి. పొడి లేవకుండా, గోడ కోసే కోర్ డ్రిల్ మెషీన్‌కి నీళ్ళ గొట్టం తగిలిస్తుంటే ఇంటావిడ పరుగున వచ్చారు.

"నీళ్ళొద్దండి బాబూ, బురద కారి రంగంతా పాడైపోద్ది!"

ఏ ఇంట్లోనైనా ఇదే మాట. వాళ్ళ గోడ బాగుండాలంటే పొడి మన ముక్కులోకి పోవాలి. జేబురుమాలు కట్టుకుని నీళ్ళు లేకుండానే కోశాను. బిట్ అవతలికి తేలేసరికి నాకు ఊపిరి అందలేదు. మెషీన్ దించి, ఆ గోడకే ఆనుకుని కూలబడ్డాను.

దగ్గు అంతకు ముందు నుంచే ఉంది. సిగరెట్ ముట్టనివాడిని, నాకేమవుతుందిలే అనుకునేవాడిని. దగ్గర్లోని ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి టీబీలా ఉందన్నారు. కఫం పరీక్షలో ఏమీ తేలలేదు. అయినా అనుమానం మీద మందులు మొదలుపెట్టారు. ఏసీ పని చేస్తాను, వెళ్ళొచ్చా అని అక్కడి డాక్టరుని అడిగాను.

"ఏసీ పనే కదా, ఓపికున్నంత చేసుకోండి."

చేసుకున్నాను. మందులు మింగుతూ గోడలు కోశాను. ఒళ్ళు చిక్కిపోయింది, ఆయాసం పెరిగింది. టీబీ అంటుకుంటుందేమోనని మా పాపని దగ్గరికి తీసుకోవాలన్నా భయమే. ఒకరోజు మెషీన్‌తో మేడ ఎక్కుతూ మెట్ల మీదే పడిపోయాను. మా ఆవిడ మంగ ఇక నా మాట వినకుండా రాజమండ్రి తీసుకెళ్ళింది.

అక్కడ ఛాతీ డాక్టరుగారు సీటీ స్కాన్ చూస్తూ, "ఏం పని చేస్తారు?" అన్నారు.

"ఏసీ పనండి."

ఎవరడిగినా అదే చెప్పేవాడిని. గోడలు కోస్తానంటే కూలివాడిలా చూస్తారని నా బాధ. మంగ ఉండబట్టలేకపోయింది.

"ఏసీ పనంటే ఏసీలో కూర్చోడం కాదండి. రోజంతా గోడలకి కన్నాలు కోస్తారు. చొక్కా దులిపితే వాకిలంతా ఇటుక పొడేనండి."

ఆయన స్కాన్ పక్కన పెట్టి నా వైపు తిరిగారు. "నీళ్ళు పెట్టి కోస్తారా?"

"లేదండి."

ఊపిరితిత్తుల్లోకి సన్నటి గొట్టం దించి చూసే బ్రాంకోస్కోపీ చేశారు. రిపోర్టు వచ్చేదాకా నాకు కంటి మీద కునుకు లేదు. టీబీ కాదు, సిలికోసిస్ అట, ఇటుక, రాతి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే జబ్బు. "లోపల చేరిన పొడి బయటికి రాదు. జరిగిన నష్టాన్ని వెనక్కి తేలేం. ఇంకా పెరగకుండా చూసుకోవాలి, అంతే," అన్నారు. టీబీ అయితే తగ్గేదే, అదే అయి ఉంటే బాగుండును అనిపించింది.

టీబీ మందులు ఆపించారు. కోర్ డ్రిల్ అమ్మేశాను. ఇప్పుడు గ్యాస్ నింపడం, సర్వీసింగ్ చూసుకుంటున్నాను. ఇన్‌హేలర్ జేబులోనే ఉంటుంది. మెట్లు ఆగి ఆగి ఎక్కుతాను.

చెప్పేది ఒక్కటే. డాక్టరు మీ పనేంటని అడిగితే పేరు చెప్పి ఊరుకోకండి. పొద్దస్తమానం మీ చేతులు ఏం చేస్తాయో, మీ ముక్కులోకి ఏం పోతుందో విడమరిచి చెప్పండి. మొదటి ఆసుపత్రిలోనే నేనది చెప్పి ఉంటే ఆ రోజే పని మాన్పించేవారు. నాకు ఇంకాస్త ఊపిరి మిగిలేది.