మా ఒర్రెకు రాసిన ఇంగ్లీషు పేరు

రండి, చాప మీద చోటుంది, దగ్గరికి జరిగి కూర్చోండి. చెప్పబోయేది మా ఇంటి ముచ్చటే. నడుమ లేచిపోతే మాత్రం మా ఆయన అనుమానాల మనిషని మీరూ ఒక మాట అనేసి పోతారు. ఆయన వైపుది కూడా విన్నాక అనండి.

మాది మంథని బస్సు వచ్చే ఊరు. కొడుకు మస్కట్‌లో పని చేస్తాడు. ఇంట్లో నేను, మా ఆయన, కోడలు. ఒకప్పుడు మాకు రెండు చోట్ల పొలం ఉండేది. గోదావరి పక్కన ఉన్న కింది పొలం, బ్యారేజీ కట్టాక నీళ్లు వెనక్కి తన్ని మునిగిపోయింది. మిగిలింది గుట్టకూ బండ్ల బాటకూ నడుమ ఉన్న మడి ఒక్కటే. మా ఏడాది తిండి దాంట్లోంచే రావాలి.

ఆ మడి పక్కనే ఒర్రె. వాగుకు చిన్న చెల్లెలు అనుకోండి. ఎండాకాలం దాంట్లో మేకలు నడుస్తాయి. వాన పడితే గుట్ట మీది నీళ్లన్నీ దాంట్లోంచే దిగి, బాట దాటి, అవతలి కుంటలో పడతాయి.

కింది పొలం మునగకముందు కూడా ఎవరో మెడలో కార్డులతో వచ్చి ఫొటోలు తీసుకుని, ఏ చోటును ఏమంటారో అడిగి పోయారు. రెంటికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. మా ఆయనకు మాత్రం ఉన్నట్టే. అప్పటినుంచి మెడలో కార్డు వేసుకున్న మనిషి కనబడితే కండువా దులుపుకుని లేచి నిలబడతాడు. మర్యాదకు కాదు.

పోయిన ఎండాకాలం అలాంటి కార్డుతోనే ఒక పిల్లగాడు బండి మీద వచ్చాడు. ఉద్యోగం కొత్త, మాట మెత్తన. బండ్ల బాటను రోడ్డు చేస్తారట. ఫోన్‌లో మా నేలంతా బొమ్మలా కనబడుతోంది. ఒక్కో చోట వేలు పెట్టి అదేమిటో నొక్కాలి. నొక్కే పేర్లన్నీ ఇంగ్లీషువే. మా కోడలు ఇంటర్ చదివింది కాబట్టి తెలుగు చేసి చెప్పే పని ఆమె మీద పడింది.

"తాతా, ఇదేంటి?" అని పిల్లగాడు గుట్ట వైపు చూపించాడు.

కోడలు ఫోన్‌లోకి తొంగి చూసింది. "హిల్ అని ఉన్నది మామా, మౌంటెన్ అని ఉన్నది. మౌంటెన్ అంటే శాన పెద్దది."

"ఏది రాస్తే భూమి తక్కువ పోతది బిడ్డా?"

"భూమి పోవుడు ఏడిది మామా? రోడ్డు కోసమే గద."

"అట్లనే అంటరు. చిన్నదే రాయుమను. అసల్కు గుట్ట గూడ కాదు, రాళ్ల కుప్ప అను."

పక్క పొలం మా మరిదిది. మాటలు వినబడి అతనూ వచ్చి చేరాడు. కుంట దగ్గర లేక్ అనాలా, పాండ్ అనాలా అని కోడలు అడిగింది. లేక్ అంటే పెద్ద చెరువని చెప్పింది.

"లేక్ వద్దు," అన్నాడు మరిది. "లేక్ అంటే పడవలు తిప్పుతరు. మన బర్లను దిగనియ్యరు."

"మరి వ్యాలీ ఏమన్న ఉన్నదా అని అడుగుతుండు. అంటే లోయ."

"లోయనా!" మా ఆయన గొంతు లేచింది. "లోయ ఉన్నదంటే నీళ్లు నింపుతరు. లేదను."

చివరికి ఒర్రె దగ్గరికి వచ్చాం. ఇక్కడ నీళ్లు పారతాయా అని పిల్లగాడు అడిగాడు. రివర్, స్ట్రీమ్, కెనాల్ అని మూడు పేర్లు చదివాడు. మా ఆయన మరిది వైపు చూశాడు.

"నీళ్లా? మేకల బాట సారూ," అన్నాడు మరిది.

"మేకల బాటే," అన్నాడు మా ఆయన.

"అయ్యో, జర ఆగుండ్రి," అని నేను అనేలోపే పిల్లగాడు 'పాత్' అని నొక్కేశాడు. కోడలు అందించిన మజ్జిగ తాగి, చల్లగా ఉందని మెచ్చుకుని పోయాడు. గంత మంచిగా మాట్లాడినోడు ఏదో మనసులో పెట్టుకునే పోయిండని మా ఆయన ఆ సాయంత్రమంతా గొణిగాడు. అనుమానం కోడలి మీదికి కూడా మళ్లింది.

"గ్లాసు అందిచ్చేటప్పుడు వాని చెవుల ఏమన్న చెప్పినవా బిడ్డా?"

"మజ్జిగల ఉప్పున్నది అని చెప్పిన మామా. గది గూడ తప్పేనా?"

తొలకరికి ముందు పని మొదలైంది. టిప్పర్లు మొరం మట్టి తెచ్చి పోస్తుంటే బాట నడుమెత్తు లేచింది. ఒకరోజు కోడలు పొలం నుంచి ఉరుకుతూ వచ్చింది.

"అత్తమ్మా, రోడ్డు కిందికెళ్లి నీళ్లు పోయే పైపులు రాలే. ఒర్రె మీదికెళ్లి కట్ట లెక్క పోసుకుంట పోతుండ్రు. వానొస్తే గుట్ట నీళ్లు ఏడికి పోతయి?"

ఎక్కడికి పోతాయి, మా మడిలోనే నిలుస్తాయి. మా ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పుదాం పా," అన్నాను.

"చెప్తే ఒర్రె కింద మన భూమి రాసుకుంటరే."

"చెప్పకుంటే నీళ్లే రాసుకుంటయి."

ముగ్గురం వెళ్లాం. రోడ్డు మీద ఇంజనీరు సారు నిలబడి ఉన్నాడు. ఇక్కడ ఒర్రె ఉందని, పైపులు వేయాలని మా ఆయన చెప్పగానే సారు ఫోన్ తీసి చూశాడు.

"ఇక్కడ పాత్ అని ఉంది. ఊరివాళ్లే చెప్పారని కూడా ఉంది."

"అప్పుడు లేకుండె సారూ."

"ఎండాకాలంలో పుట్టిందా ఒర్రె?" అన్నాడు సారు. మొరం సర్దే కూలీలు నవ్వారు. సారు కళ్లు మాత్రం నవ్వలేదు. "నిజం చెప్పు పెద్దాయనా. మీ చుట్టాల్లో పైపులు అమ్మేవాళ్లు ఎవరు?"

ఇన్నాళ్లూ అందరినీ అనుమానించిన మనిషి, తననే ఒకరు అలా చూసేసరికి బిత్తరపోయాడు. కండువా తీసి చేతిలో నలిపాడు.

"పైపులమ్మేటోడు ఎవ్వడు లేడు సారూ. కింది పొలం నీళ్లల్ల పోయింది. గిది ఒక్కటే మిగిలింది. పేరు చెప్తే గిది గూడ పోతదని దాచినం."

ఆ మాట పక్క పొలం మనిషి కూడా చెప్పాలన్నాడు సారు. మరిదిని పిలిపించాం.

"నాదేమున్నది సారూ, మా అన్న ఏదంటే గదే," అన్నాడు మరిది. మేకల బాట అన్న నోరు తనదే అయినా!

సారు ఒర్రె వెంట గుట్ట దాకా నడిచి వచ్చి, ఫోన్‌లో ఏదో మార్చాడు.

"ఏం రాసిండు బిడ్డా?"

"స్ట్రీమ్ అని రాసిండు మామా. అంటే చిన్న వాగు."

"చిన్నదేనా? రివర్ రాయలే గద?"

మా ఆయన కోడలితో మళ్లీ చదివించాడు. అంతటితో ఆగితే బాగుండు. అప్పుడే బస్సు దిగి వస్తున్న బడి టీచరమ్మను ఆపి, "జర గిది సదువు టీచరమ్మా," అన్నాడు. ఆమె కూడా స్ట్రీమ్ అనే చదివింది.

"ఇప్పుడన్న నమ్మినవా మామా?" అంది కోడలు. ఆమె మొహం ఎర్రబడింది.

"నిన్ను నమ్మక కాదు బిడ్డా. ఆ ఫోన్‌ను."

అయిదారు రోజులకు సిమెంటు పైపులు దిగాయి. వాటిని పూడ్చేదాకా మా ఆయన ఇంటికి అన్నానికి రాలేదు. నేనే గిన్నె పట్టుకుపోయాను.

మొదటి పెద్ద వానకు గోనెసంచులు కప్పుకుని పొలానికి వెళ్లాం. గుట్ట మీది నుంచి ఎర్ర నీళ్లు కట్టెపుల్లలతో, ఆకులతో దూకుతూ వచ్చి పైపుల్లో దూరాయి. నారుమడి గట్టు దాకా లేచి, దాని మీదికి ఎక్కకుండా ఆగాయి. కోడలు చప్పట్లు కొట్టింది. నేను దండం పెట్టాను. పక్కకు చూస్తే మా ఆయన లేడు. జారుకుంటూ రోడ్డెక్కి అవతలికి దిగుతున్నాడు.

"ఏడికయ్యా గా వానల?"

"లోపలికి పోయిన నీళ్లన్ని అటు ఎల్లుతున్నయో లేదో చూసొస్త!"

చాలాసేపటికి అవతలి నుంచి కేక వినబడింది. "ఎల్లుతున్నయే! అన్నీ ఎల్లుతున్నయి!"

అప్పుడు మేమిద్దరం నవ్వాం.

ఇంతసేపు కదలకుండా విన్నారు. మీ ఇంటి మీదికి వచ్చే నీళ్లు నెమ్మదిగా రావాలి, దారి చూసుకుని పోవాలి. మీ గాదె తడవకూడదు. మీ ఇంట్లో అత్త మాట కోడలు, కోడలి మాట మామ ఇంకొకరితో చదివించుకోకుండానే నమ్మాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.