గంగరాజు కట్ట కింది ఇల్లు

శృంగవరపుకోట దాటాక కొండవార గంగరాజుకు సొంత మట్టికట్ట ఉంది. కొండ మీంచి పారే గెడ్డకు అడ్డంగా తండ్రి వేసిన కట్ట. దాని వెనక నీళ్లలో చేపలు, కింద జీడితోట. పక్క లోయలో బావ ధనరాజుకూ అలాంటి కట్టే ఒకటి ఉంది. చెల్లెల్నిచ్చిన బావే గానీ, అతనికి ఏది దక్కినా గంగరాజు కడుపు మండిపోతుంది.

కిందటేడు కట్టల భద్రత చూడ్డానికి విశాలి అనే ఇంజనీరమ్మ వచ్చి, ధనరాజు కట్టను అధిక ప్రమాద శ్రేణిలో వేసింది. ఇక చూడండి వైభోగం! కట్ట మీద బోర్డు, సైరను, వానొస్తే జీపు. గంగరాజు కట్టది అల్ప శ్రేణి. జీపు మాట దేవుడెరుగు, ఒక్క ఫోను కూడా రాలేదు.

"నా కట్టకేటి తక్కువమ్మా? ఒక్క సీమలపుట్ట సూపించు!" అని ఆమెను నిలదీశాడు.

"మీ కట్ట గట్టిదేనండీ. శ్రేణి బలాన్ని బట్టి కాదు, తెగితే కింద ఎవరికి ముప్పో దాన్ని బట్టి. ధనరాజు గారి కట్ట కింద ఊరుంది. మీ కట్ట కింద జీడిచెట్లే కదా."

మాట అర్థమైంది. అర్థమయ్యాక ఊరుకుంటే గంగరాజు ఎందుకవుతాడు? అద్దింట్లో అవస్థపడుతున్న కూతురు గౌరిని పిలిచి, కట్ట కిందే ఇంటిస్థలం ఇచ్చాడు.

"మెరక మీద సోటు లేదేటి?" అంది భార్య గున్నమ్మ.

"నీకు తెల్దు, నువ్వూరుకో."

ఎండాకాలంలో ఇల్లు లేచింది. తనే ఫోను చేసి విశాలిని రప్పించాడు. ఆమె ఇంటినీ, వాకిట్లో ఆడుకుంటున్న మనవరాలినీ చూసి, "ఇక్కడ కట్టకుండా ఉండాల్సిందండీ" అంటూ శ్రేణి మార్చింది. గంగరాజు కొబ్బరికాయ కొట్టి మరీ బోర్డు పాతించాడు.

ఆషాఢంలో ముసురు పట్టింది. వానపడితే ముసుగుతన్ని పడుకునే మనిషి గొడుగేసుకుని కట్టెక్కాడు. నీళ్లు కట్ట అంచుకు జానెడు దూరంలో ఉన్నాయి. కింద గౌరి వంటింట్లోంచి పొగ వస్తోంది. ప్రతి తడిమరకా పగులులాగే కనబడింది. భయమేసి ధనరాజుకు ఫోను చేశాడు.

"నిద్దర పడతన్నాదేటి బావా?" అన్నాడు ధనరాజు. "వానొస్తే నాకు ఏనాడూ పట్టదు. నీ కట్ట కింద ఎవులూ లేరని నిన్ను సూసి ఎంత కుళ్లుకున్నానో! కోరి తెచ్చుకున్నావు."

బావ తనను చూసి కుళ్లుకున్నాడు! ఆ సంతోషం అనుభవించే యోగం కూడా లేకపోయింది గంగరాజుకు.

పరుగున వెళ్లి గౌరిని బయల్దేరమన్నాడు. "నీ కట్టకేటి తక్కువని నువ్వే కదా నానా సెప్పినావు" అని ఆమె నవ్వింది. ఇక లాభం లేదని తూము తలుపు పూర్తిగా ఎత్తి, చేపలు పోకుండా కట్టిన వలను కోసేశాడు. చేతులారా పెంచిన బొచ్చె చేపలన్నీ నీళ్లతోపాటు గెడ్డలో పడిపోయాయి. దూరాన రెండు లోయల గెడ్డలూ కలిసేచోట బావ ఊరివాళ్లు వాటిని బుట్టలకెత్తుకున్నారు.

మర్నాడు చెల్లెలు చేపల పులుసు పంపింది. గౌరి ఇంట్లో కూర్చుని, ముద్దముద్దకీ ధనరాజును తిడుతూ తిన్నాడు. గౌరి ఇంకో ముక్క వేసి, వచ్చే ఏడు పైన గది వేసుకుంటానంది. గంగరాజు ముద్ద కంచంలోనే వదిలేసి, కిటికీలోంచి కట్టకేసి చూశాడు.