పారిస్‌కి దగ్గరి దారి

ఈ దేశంలో బట్టలుతికే మిషన్ కూడా అబద్ధమాడుతుంది. ఇంకొక్క నిమిషం అని చూపిస్తుంది. నమ్మి పక్కన నిలబడితే కాళ్లు లాగుతాయి గానీ తలుపు తెరుచుకోదు. దాన్ని తిట్టే హక్కు నాకు లేదనుకోండి. ఆ రోజుల్లో నేను చేసిన ఉద్యోగం దాదాపు అలాంటిదే.

సన్నీవేల్‌లో, పళ్ల డాక్టర్ క్లినిక్ పైన, ఒక చిన్న ట్రావెల్ వెబ్‌సైట్ కంపెనీ. యూరప్‌లో ఏ విమానాశ్రయం నుంచి ఏ విమానాశ్రయానికి ఎంత దూరం, గాల్లో ఎంతసేపు అనే పేజీలు తయారుచేయడం నా పని. యూరప్‌ని నేను చూసింది ఒక్కసారే, ఇండియా నుంచి వస్తూ, ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారేటప్పుడు, అద్దంలోంచి (వాన పడుతోంది). అయినా మా తెలుగు చర్చిలో యూరప్ అంటే నేనే. ఆదివారం ఆరాధన అయ్యాక కాఫీ కప్పులతో చుట్టూ చేరి, లిస్బన్‌కి ఎంతసేపు బ్రదర్ అని అడిగేవారు. నేను కళ్లు సగం మూసి చెప్పేవాణ్ని.

అలా అడిగినవాళ్లలో ఒక అంకుల్. ఆయనకు క్వయర్‌లో పాడే కూతురు. మావాళ్ల తరఫున సంబంధం కబురు అప్పటికే వాళ్లింటికి వెళ్లింది, జవాబు మాత్రం ఆంటీ దగ్గర ఆగింది. (ప్రార్థనలో పెట్టాం బాబూ అనేవారు. మాలో ఆ మాటకి అవుననీ కాదు, కాదనీ కాదు.) అంతలో అంకుల్ నన్ను పక్కకి పిలిచి, తమ పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయనీ, డబ్లిన్‌లో నర్సుగా ఉన్న మరదల్ని చూసి అక్కణ్ణుంచి పారిస్ వెళ్తామనీ, దిగిన సాయంత్రమే నదిలో పడవ మీద డిన్నర్ బుక్ చేశాననీ, ఫ్లైట్ ఏదో నన్నే చూడమనీ అన్నారు. దేవుడి చిత్తం ఇంతకంటే స్పష్టంగా ఉండదు.

నేనూ మామూలుగా చూడలేదు. పారిస్ పేరు పెట్టుకున్న విమానాశ్రయాలన్నిటికీ దూరాలు కొలిచాను. అందరూ దిగే పెద్దదానికంటే ఉత్తరాన ఉన్న చిన్నది డబ్లిన్‌కి దగ్గర, గాల్లో ఐదు నిమిషాలు ఆదా. అది విని అంకుల్ నా భుజం తట్టి, "చూశావా, చదువంటే ఇదీ," అన్నారు ఆంటీతో. అక్కణ్ణుంచి ఊరెంత దూరమో నేను చూడలేదు. మా కంపెనీ లెక్కలో మనుషులు విమానాశ్రయాల మధ్యే తిరుగుతారు, వాళ్లకి ఊళ్లతో పని ఉండదు.

పడవ బయల్దేరే వేళకి ఆంటీ పట్టుచీరలో, దుంపల పొలాల మధ్య, బస్సులో ఉన్నారట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. మా పెళ్లి మాత్రం అయింది. బస్సు కథకి కూతురు నవ్విన నవ్వు చూసే ప్రార్థనకి జవాబొచ్చిందనుకున్నామని అంకుల్ అంటారు (కారణం జాలి అని మా ఆవిడ). ఇప్పుడు నేను ఏ ఊరెళ్లినా ముందు బస్సు సంగతి కనుక్కుంటాను. కానీ వాళ్లు తిరిగొచ్చిన ఆదివారం, ఇస్త్రీ చొక్కాలో, ఐదు నిమిషాలు మిగిల్చిన గర్వంతో చర్చి మెట్ల దగ్గర ఎదురెళ్లిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే ముద్దొస్తాడు. ఫ్లైట్ టైముకి దిగిందా ఆంటీ అని అడిగాడు, పాపం.

ఆంటీ బైబిల్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, తాపీగా అన్నారు: "విమానం నువ్వు చెప్పిన టైముకే దిగింది బాబూ. పారిసే రాలేదు."