బహువచనం బాబాయి

మా బాబాయికి ఉన్న పిచ్చి ఒక్కటే: బహువచనం. అదీ మన భాషది కాదు, ఫ్రెంచిది. ఎదుటి మనిషి నోట్లోంచి ఏ వస్తువు పేరు జారినా చాలు, "ఫ్రెంచిలో ఇవి రెండుంటే ఏమంటారు?" అని అడిగితే తప్ప ఆయనకి అన్నం సయించదు.

ఒకరోజు పిన్ని వంటింటి గుమ్మం పట్టుకుని, "ఏవండీ, కళ్ళు తిరుగుతున్నాయి" అంది.

బాబాయి ముఖం వెలిగిపోయింది. "కళ్ళా! కన్ను ఒకటైతే 'ఎయ్', రెండైతే 'యో'. అసలు పోలికే లేదు చూశావా?"

"అయ్యో, పడిపోతున్నానండీ!"

"అయ్యో కాదే, ఉత్త యో."

కుర్చీ లాగిందీ నేనే, మంచినీళ్ళు తెచ్చిందీ నేనే. పిన్ని తేరుకోగానే ఆయన మాత్రం మళ్ళీ అప్పజెప్పమన్నాడు.

సాయంత్రాలు ముందుగదిలో ఫ్రెంచి పాఠాలు చెప్పేవాడు. ఇంట్లో మనిషిని కనక నాకు తప్పించుకునే దారే లేదు. అక్కడికి ఒక కుట్టుపని ఆవిడ వచ్చేది. చేతిలో మంచి పనితనం, నోట్లో నత్తి. విదేశీ గుడ్డబొమ్మల కంపెనీలో ఉద్యోగం రావాలంటే ఫ్రెంచిలో నాలుగు ముక్కలు మాట్లాడాలి. పాపం, లేచి నిలబడి మొదటి మాట దగ్గరే ఆగిపోయేది. సరిగ్గా అప్పుడే బాబాయికి ఇంకెవరి పుస్తకంలోనో బహువచనం తప్పు కనబడేది. ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు. ఆ గోలలో ఆవిడ వాక్యం ఎప్పుడు పూర్తిచేసేదో ఎవరూ గమనించేవారు కాదు.

"ఆవిడ మాట్లాడేటప్పుడైనా నోరు అదుపులో పెట్టుకోలేవా బాబాయ్?" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో!

"తప్పు కనబడితే ఊరుకోమంటావా?" అనేవాడు.

ఇంటర్వ్యూకి తోడు రమ్మని ఆవిడ బాబాయినే అడిగింది. "నువ్వూ వెళ్ళవే, ఆయన అక్కడ ఏం కొంప ముంచుతారో" అని పిన్ని నన్ను వెంట తరిమింది.

"మీరేం కుడతారు?" అని మేనేజరు ఫ్రెంచిలో అడిగాడు. ఆవిడ నోరు తెరిచింది. మాట రాలేదు. ముఖం కందిపోయింది. మేనేజరు గడియారం వైపు చూశాడు.

బాబాయి దిగ్గున లేచాడు. "ఏవండోయ్! గోడమీద రాసిన 'జూజూ', అదే బొమ్మలు, అన్న మాట తప్పు. బహువచనానికి చివర ఎస్ పెట్టాలి, మీరు ఎక్స్ పెట్టారు!"

నేను చొక్కా పట్టి లాగుతూనే ఉన్నాను. మేనేజరు పగలబడి నవ్వాడు. "'ఊ'తో ముగిసే మాటల్లో ఓ ఏడింటికి ఎక్సే వస్తుంది సార్!" అని గులకరాయి, మోకాలు, గుడ్లగూబ అంటూ వరసగా వేళ్ళు ముడిచాడు. "ఇంతకీ మీకు పాఠం చెప్పిన మాస్టారెవరు, పాపం?"

"ఏదో, సొంతంగా నేర్చుకున్నానండీ" అని బాబాయి తల వంచుకున్నాడు.

ఈలోగా ఆవిడ ఊపిరి పీల్చుకుంది. తను కుట్టే బొమ్మల గురించి మెల్లగా మొదలుపెట్టి, కడదాకా చెప్పింది. నవ్వు ముఖంతోనే మేనేజరు అంతా విన్నాడు. ఉద్యోగం ఇచ్చేశాడు.

బయటికి రాగానే పట్టుకున్నాను. "నన్ను నిద్రలేపి మరీ అప్పజెప్పించిన ఏడు మాటలే కదా బాబాయ్! అంత తప్పు ఎలా మాట్లాడావు?"

బాబాయి చెప్పు సర్దుకోవడంలో మునిగిపోయాడు. ఆవిడే నవ్వింది. "క్లాసులోనూ అ... అంతేనమ్మా. నేను ఆగినప్పుడే మాస్టారికి తప్పులు కనబడతాయి. అందరూ అటు తిరిగితే నాకు మాటొస్తుంది."

"చాల్లెండి, ఊరుకోండి" అని బాబాయి విసుక్కుని నాలుగడుగులు వేశాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు. "ఒసేయ్, ఆ మేనేజరు ఏడింట్లో ఆరే చెప్పాడే! పేనుని వదిలేశాడు. ఒక్క క్షణం, చెప్పి వచ్చేస్తాను."

ఆవిడా నేనూ చెరో చెయ్యీ పట్టుకుని రోడ్డు దాటించాం.