మా ఇంట్లో ఉన్న గోలీ

మా అమ్మాయి కాలేజీకి వెళ్లిన ఏడాది, తన గదిలోకి ఒక ఐస్ హాకీ ఆటగాడు దిగాడు.

అప్పుడు మేముండేది పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊళ్లో. మాల్ వెనకాల మంచు మీద ఆడుకునే రింక్, దానికొక ప్రొఫెషనల్ జట్టు ఉండేవి. ప్రొఫెషనల్ అన్న మాటే గానీ టీవీలో కనిపించే పెద్ద లీగ్‌కి చాలా మెట్లు కింద. వాళ్లకొచ్చే జీతంతో అద్దె కట్టుకోలేరు కాబట్టి, సీజన్ అయ్యేదాకా ఊళ్లోవాళ్లే తలా ఒకరిని ఇంట్లో ఉంచుకునేవారు. ఆ సంగతి మావారు ఆఫీసులో విని వచ్చారు.

"రూమ్ ఖాళీగానే ఉంది కదా. సమ్మర్ వచ్చేలోపు వెళ్లిపోతాడు. ఓకే చెప్పేద్దామా?"

"చెప్పేసి వచ్చి అడుగుతున్నారు కదూ?" అన్నాను.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం వచ్చాడతను. మిన్నెసోటా వాడు, పాతికేళ్లుంటాయి. గుమ్మానికి తల తగులుతుందేమోనని భయపడేంత పొడుగు. జట్టులో గోలీ, అంటే గోల్ ముందు నిలబడి, దూసుకొచ్చే రబ్బరు పక్‌ని ఒంటితో ఆపేవాడు. ఫోన్‌లో ఈ మాట చెబితే మా అక్క, "గోలీలాడితే జీతం కూడా ఇస్తారా?" అని అడిగింది.

కొన్నాళ్లు ఒకరికొకరం అడ్డం రాకుండా మసలుకున్నాం. కాళ్లకి కట్టుకునే ప్యాడ్లు చెమటకు తడిస్తే గరాజ్‌లో ఆరేసేవాడు. ఆ వాసన మా కారుకి కూడా పట్టింది. అమ్మాయి స్నేహితులు నన్ను ఆంటీ అంటుంటే విని తనూ ఆంటీ అనడం మొదలుపెట్టాడు. ఒకసారి జలుబు చేస్తే చారు కాచి ఇచ్చాను. కాఫీ మగ్గులో తాగి, ఇంకా ఉందా అన్నాడు. ఆ తర్వాత జట్టు బస్సులో పొరుగూళ్లకు వెళ్లినప్పుడల్లా నా పులిహోర కూడా వెళ్లేది.

కానీ అతనికి ఆట దొరకలేదు. జట్టులో అతను రెండో గోలీ. ఆట జరిగినంతసేపూ బెంచీ చివర నిలబడి, మంచు మీదికి వెళ్లొచ్చే ఆటగాళ్లకి తలుపు తీసేవాడు. మేం టికెట్ కొనుక్కుని వెళ్లి, అతను తలుపు తీయడం చూసి వచ్చేవాళ్లం.

"బాధగా ఉండదా?" అని ఒకరోజు అడిగాను.

"ఉంటుంది ఆంటీ. కానీ తలుపు తీయడం ఆలస్యమైతే మావాళ్లకే నష్టం కదా."

జనవరిలో మొదటి గోలీకి మోకాలు బెణికింది. ఇతన్ని దింపారు. ఆ మొదటి ఆటలో జట్టు చిత్తుగా ఓడింది. ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాడు.

"మూడో గోల్ నేను ఆపాల్సింది," అన్నాడు.

పెరుగన్నం కలిపి ముందు పెట్టాను. గిన్నె ఖాళీ చేసి, థాంక్స్ చెప్పి పైకి వెళ్లాడు.

మళ్లీ ఆట ఆదివారం మధ్యాహ్నం. ఈసారి మన జనం ఉండాలనిపించి తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేశాను. తెలుగు చర్చికి వెళ్లేవాళ్లు ఆరాధన కాగానే పట్టుచీరల మీద చలికోట్లు తొడుక్కుని తిన్నగా వచ్చేశారు. అమ్మాయి కాలేజీ నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చింది. అవతలి జట్టు దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను కళ్లు మూసుకుంటుంటే నా చెయ్యి లాగింది.

"అమ్మా, ఓపెన్ చెయ్యి. నువ్వు చూడాలి. హీ ఈజ్ సో గుడ్ టుడే."

చూశాను. మనవాళ్లు ఒక గోల్ ముందున్నారు. ఆఖర్లో అవతలివాడొకడు ఒంటరిగా దూసుకొచ్చాడు. ఇతను అంత పొడుగు మనిషీ మంచు మీద అడ్డంగా పరుచుకుని, కాలు చాపాడు. పక్ ప్యాడ్‌కి కొట్టుకున్న చప్పుడు మా వరస దాకా వినబడింది. ఆ రోజు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. మాస్క్ తీసి, చీరలున్న వైపు తిరిగి కర్ర పైకెత్తాడు. మావారు లేచి నిలబడి ఎంతసేపు చప్పట్లు కొట్టారో.

ఫిబ్రవరి చివర్లో మొదటి గోలీ కోలుకున్నాడు. రెండో గోలీగా ఇంకో ఊరి నుంచి మరొకతన్ని తెచ్చుకున్నారు. ప్రాక్టీసు నుంచి వచ్చి తనే చెప్పాడు, తనని తీసేశారని.

"ఏం తప్పు చేశావని?"

"ఏమీ లేదు ఆంటీ. ఇక్కడ ఇంతే."

మర్నాడు పొద్దున సామాను కారులో సర్దుకుని వెళ్లిపోయాడు. మిగిలిన ఆటలకి టికెట్లున్నా మేం వెళ్లలేదు. మరుసటి వేసవిలో ఆ జట్టే మూతపడింది.

అతను ఇంకెక్కడో ఒక సీజన్ ఆడి, మానేసి, ఎలక్ట్రీషియన్ పని నేర్చుకున్నాడు. మొన్నామధ్య వేసవిలో తన పెళ్లికి పిలిస్తే మిన్నెసోటా వెళ్లాం. పెళ్లి మర్నాడు, తను చిన్నప్పుడు ఆట నేర్చుకున్న రింక్ చూపించాడు. రేకుల షెడ్డు, తలుపుకి తాళం. చలికాలంలో అక్కడ పిల్లలకి ఆట నేర్పుతాడట.

"ఇక్కడ్నుంచి నన్నెవరూ తీసెయ్యరు ఆంటీ," అని నవ్వాడు.

మావారు ఫోటో కావాలన్నారు. అతని భార్య ఫోన్ అందుకుంది. ఎండకి కళ్లు చికిలించుకుంటూ ముగ్గురం ఆ షెడ్డు ముందు నిలబడ్డాం.